క్యాంపర్‌వ్యాన్‌లో పవర్ స్టేషన్: పెట్టె సైజు కన్నా ముందు ఊట చూసుకోండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. ఇద్దరు మనుషులు, ఏడాదికి కొన్నిసార్లు వారం పది రోజుల ట్రిప్పులు. వ్యాన్‌లో 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్, రెండు ల్యాప్‌టాప్‌లు, ఒక ఫ్యాన్, రెండు మూడు లైట్లు, ఫోన్లు, కుదిరితే ఇండక్షన్ స్టవ్. దీనికి 1000 వాట్ అవర్ల పవర్ స్టేషన్ (బ్యాటరీ, ఇన్వర్టర్, ప్లగ్గులు అన్నీ ఒకే పెట్టెలో ఉండి, ఎక్కడికైనా తీసుకెళ్లగలిగేది) చాలా, 2000ది కొనాలా, లేక సీటు కింద బ్యాటరీ బిగించి పూర్తి వైరింగ్ చేయించుకోవాలా?

నేను ఆరేళ్లుగా వ్యాన్‌లో కరెంటంతా ఇలాంటి పెట్టె మీదే నడుపుతున్నాను. ఇప్పుడు వాడుతున్నది మూడోది. స్టవ్ పక్కన పెడితే మీకు 1000ది సరిపోతుంది, కానీ రోజూ దాన్ని నింపే దారి ఉంటేనే. మీరు బావి ఎంత లోతు ఉండాలని అడిగారు, ఊట ఎంత అన్నది అడగలేదు. వ్యాన్ కొత్తగా కట్టుకునేవాళ్లు దాదాపు అందరూ ఇక్కడే పొరపాటు పడతారు, నేనూ అలాగే పడ్డాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు మీ వాడకం లెక్క కడదాం. వాట్ అవర్ అంటే ఒక వాట్ లాగే వస్తువు గంటసేపు నడిస్తే అయ్యే ఖర్చు. మీరు చెప్పిన తరహా ఫ్రిజ్ కంప్రెసర్ తిరిగేటప్పుడు సుమారు 45 వాట్లు లాగుతుంది. రోజంతా తిరగదు, మామూలు వాతావరణంలో పదింట నాలుగు వంతుల సమయం తిరుగుతుంది అనుకోండి, 24 గంటలకు 430 అవుతుంది. బాగా ఎండగా ఉండి మాటిమాటికీ తలుపు తీస్తుంటే 600 కూడా దాటొచ్చు. రెండు ల్యాప్‌టాప్‌ల మీద పని చేసుకుంటే 150. ఫ్యాన్ 20 వాట్లదైతే రాత్రి ఎనిమిది గంటలకు 160. ఎల్‌ఈడీ లైట్లు 40, ఫోన్లు 40. మొత్తం 820. మధ్యలో పోయే నష్టం కలుపుకుంటే రోజుకు 900 దాకా అనుకోవాలి.

ఇప్పుడు పెట్టె వైపు చూడండి. డబ్బా మీద 1000 అని రాసి ఉన్నా అదంతా మీ చేతికి రాదు. లోపల ఉన్న కరెంటును ఇన్వర్టర్ ఇంట్లో వచ్చే ఏసీ కరెంటుగా మార్చేటప్పుడు పది పదిహేను శాతం వేడిగా పోతుంది. అంటే ఏసీ ప్లగ్గు వైపు నుంచి మీకు దక్కేది దాదాపు 850. మీ లెక్క ప్రకారం 1000ది దాదాపు ఒక్క రోజు వస్తుంది, 2000ది దాదాపు రెండు రోజులు వస్తుంది. మీ ట్రిప్పు పది రోజులు. పెద్దది కొంటే ఖాళీ అవడం ఒక రోజు వెనక్కి జరుగుతుంది, అంతే. మిగిలిన ఎనిమిది రోజుల సంగతి తేలాలంటే నింపడం గురించి మాట్లాడుకోవాల్సిందే.

నా మొదటి ట్రిప్పులో ఈ విషయం తెలియదు. వ్యాన్ డ్యాష్‌బోర్డులో ఉన్న సిగరెట్ లైటర్ సాకెట్‌కి వైరు పెట్టేస్తే డ్రైవ్ చేసేటప్పుడు ఎక్కేస్తుందిలే అనుకున్నాను. ఆ సాకెట్‌కి ఉండేది మామూలుగా 10 లేదా 15 ఆంపుల ఫ్యూజు. పెట్టె దాన్నుంచి 100 వాట్లు, మహా అయితే 120 వాట్లు తీసుకుంటుంది. ఆ రోజు నాలుగు గంటలు బండి నడిపాను, సుమారు 400 రావాలి. కానీ ఆ నాలుగు గంటలూ ఫ్రిజ్ కూడా ఆ పెట్టె మీదే నడుస్తోంది కదా, అది కొంత తినేసింది. సాయంత్రం బండి ఆపి స్క్రీన్ చూస్తే పొద్దున 38 శాతం ఉన్నది 68 అయింది. తెల్లవారేసరికి 6. మూడో రోజు మధ్యాహ్నానికి అయిపోయింది. ఖాళీ పెట్టెను ఆ సాకెట్ మీద పూర్తిగా నింపాలంటే పది గంటలకు పైగా బండి నడపాలి, అదీ ఏమీ వాడకుండా. ఇంకో సంగతి, కొన్ని బండ్లలో తాళం తీశాక కూడా ఆ సాకెట్‌కి కరెంటు వస్తూనే ఉంటుంది. మీది అలాంటిదైతే రాత్రి వైరు పీకేయండి, లేదంటే పొద్దున ఇంజన్ స్టార్ట్ అవదు.

బండి ఎక్కువగా తిప్పేవాళ్లకు నా దృష్టిలో అన్నిటికన్నా మంచి దారి ఆల్టర్నేటర్ ఛార్జర్. ఆల్టర్నేటర్ అంటే ఇంజన్ తిరిగేటప్పుడు కరెంటు పుట్టించే భాగం. ఇంజన్ బ్యాటరీ నుంచి మందపాటి కేబుల్ వెనక్కి లాగి, మధ్యలో డీసీ (బ్యాటరీ నుంచి వచ్చే రకం కరెంటు) నుంచి డీసీకి మార్చే ఛార్జర్ పెడతారు. పవర్ స్టేషన్లకు సరిపోయేలా 500 నుంచి 800 వాట్లవి ఇప్పుడు దొరుకుతున్నాయి. గంట ప్రయాణానికి 500 వస్తే రెండు గంటల్లో మీ రోజు ఖర్చు వచ్చేసి ఇంకా మిగులుతుంది. కొత్త బండ్లలో స్మార్ట్ ఆల్టర్నేటర్ ఉంటుంది, ఇంధనం ఆదా కోసం అది తన వోల్టేజీని మధ్యమధ్యలో తగ్గించేస్తుంది. నేరుగా వైరు లాగితే సరిగ్గా ఎక్కకపోవడానికి కారణం అదే. ఈ ఛార్జర్ తక్కువ వోల్టేజీని పైకి లేపి ఇస్తుంది కాబట్టి ఆ ఇబ్బంది ఉండదు. అయితే 12 వోల్టుల దగ్గర 500 వాట్లంటే 40 ఆంపులు, చిన్న విషయం కాదు. సన్న వైరు వేస్తే వేడెక్కి కాలిపోతుంది. ఇంజన్ బ్యాటరీకి పక్కనే ఫ్యూజు ఉండాలి, కేబుల్ మందం పొడవును బట్టి లెక్కవేసుకోవాలి. ఈ ఒక్క పని మాత్రం చేయి తిరిగిన ఆటో ఎలక్ట్రీషియన్ చేత చేయించుకోండి.

సోలార్ గురించి చాలామంది 200 వాట్ల ప్యానెల్ అంటే 200 వస్తాయనుకుంటారు. ఆ అంకె ల్యాబులో కొలిచింది. బయట నిండు ఎండలో, సూర్యుడి వైపు సరిగ్గా తిప్పిపెట్టినా 140, 150 వస్తే సంతోషించాలి. మంచి ఎండ రోజున 500 నుంచి 700 వాట్ అవర్లు వస్తాయి. మబ్బు పడితే వంద రావడమే గగనం. పైకప్పు మీద బిగించినది పడుకుని ఉంటుంది కాబట్టి పొద్దున సాయంత్రం ఇంకా తక్కువ. ఒక చెట్టు కొమ్మ నీడ ప్యానెల్ మూల మీద పడితే చాలు, ఉత్పత్తి సగానికి సగం పడిపోతుంది. కొమ్మ కాస్త పక్కకి జరిగితే మళ్లీ లేస్తుంది. స్క్రీన్ ముందు కూర్చుని చూస్తే నీడ కదిలినట్టే అంకెలూ కదులుతుంటాయి.

నేను మడత ప్యానెల్ వైపే మొగ్గుతాను, కారణం చెప్తాను. పైకప్పు ప్యానెల్ ఉంటే వ్యాన్ ఎండలోనే నిలపాలి. వ్యాన్ ఎండలో ఉంటే లోపల మనుషులకు ఉక్క, ఫ్రిజ్‌కి రెట్టింపు పని, పెట్టెకు వేడి. సంపాదించినదాంట్లో కొంత ఆ ఎండే తినేస్తుంది. మడత ప్యానెల్ అయితే వ్యాన్‌ని చెట్టు కింద పెట్టి, ఐదు మీటర్ల కేబుల్‌తో ప్యానెల్‌ని ఎండలో పరవచ్చు. రోజుకు మూడుసార్లు సూర్యుడి వైపు తిప్పితే పైకప్పు మీది అంతే సైజు దానికన్నా బాగా వస్తుంది. గాలికి ఎగరకుండా రాయో తాడో పెట్టాలి, కదలాలంటే మడిచి లోపల పెట్టాలి, ఆ శ్రమ ఉంది. రోజూ స్థలం మార్చేవాళ్లకు అది విసుగు, పైకప్పుదే నయం. రెండు మూడు రోజులు ఒకేచోట ఉండే అలవాటున్నవాళ్లకు మడతది మేలు. ఒక్కటి మాత్రం మరిచిపోకండి, ప్యానెల్ ఎండలో, పెట్టె నీడలో. ప్యానెల్ పక్కనే ఎండలో పెట్టె పెట్టి, వేడెక్కి ఛార్జింగ్ ఆగిపోయిందని కంగారు పడేవాళ్లను చాలామందిని చూశాను.

ప్యానెల్ కొనేముందు పెట్టె సోలార్ ఇన్‌పుట్ ఎన్ని వోల్టుల వరకు తట్టుకుంటుందో చూడండి. వాట్ల పరిమితి దాటితే పెట్టె తనకు కావలసినంతే తీసుకుంటుంది, నష్టం లేదు. వోల్టుల పరిమితి దాటితే మాత్రం లోపలి సర్క్యూట్ కాలిపోవచ్చు. ఉదాహరణకు దేనికీ కలపనప్పుడు 22 వోల్టులు చూపించే 100 వాట్ల ప్యానెళ్లు రెండు సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటి, కలిపితే 44. మీ పెట్టె పరిమితి 30 అయితే అలా కలపకూడదు, ప్యారలల్‌లోనే, అంటే వోల్టులు పెరగకుండా పక్కపక్కన, కలపాలి. పరిమితి 60 అయితే నిశ్చింత. చలి ఎక్కువగా ఉన్న పొద్దున ప్యానెల్ వోల్టేజీ దాని మీద రాసిన దానికన్నా పెరుగుతుంది కూడా, కాబట్టి అంచు మీద ఉండకండి.

ఇక పొదుపు. రోజూ వచ్చేది ఎంతో తెలిశాక, తెలియకుండా పోయేది ఎక్కడో పట్టుకోవాలి. అన్నిటికన్నా పెద్ద చిల్లు ఏసీ స్విచ్. ఏసీ బటన్ ఆన్‌లో ఉంటే ప్లగ్గులో ఏమీ పెట్టకపోయినా ఇన్వర్టర్ 10 నుంచి 20 వాట్లు తాగుతూనే ఉంటుంది. 15 వాట్లు వేసుకున్నా రోజుకు 360, దాదాపు మీ ఫ్రిజ్ అంత! అందుకే ఫ్రిజ్‌ని పెట్టెలోని 12 వోల్టుల సాకెట్ మీదే నడపండి, ఏసీ అడాప్టర్ వాడకండి. ల్యాప్‌టాప్‌లను యూఎస్‌బీ-సీ నుంచి ఛార్జ్ చేసుకోండి, 100 వాట్ల పోర్టు ఉంటే చాలావాటికి సరిపోతుంది. ఫ్యాన్, లైట్లు కూడా 12 వోల్టులవో యూఎస్‌బీవో తీసుకుంటే, మీరు చెప్పిన జాబితాలో స్టవ్ తప్ప దేనికీ ఏసీ అవసరం రాదు. నేను వ్యాన్‌లో ఏసీ బటన్ నొక్కేది వారానికి ఒకటి రెండుసార్లే.

12 వోల్టుల సాకెట్‌తో ఇంకో తిరకాసు ఉంది, నాకు బాగా గుర్తుండిపోయింది. రెండో పెట్టె కొత్తగా వచ్చిన వారం, చల్లటి రాత్రి. పడుకునేముందు ఫ్రిజ్ 4 డిగ్రీలు, పెట్టె 71 శాతం, అంతా సవ్యంగా ఉంది. పొద్దున లేచి ఫ్రిజ్ మూత ఎత్తితే లోపలి లైటు వెలగలేదు. డిస్‌ప్లే నల్లగా ఉంది, అడుగున రెండు వేళ్ల లోతు నీళ్లు, అందులో నానిపోయిన అట్టపెట్టె. పెట్టె స్క్రీన్ ఆన్ చేస్తే ఇంకా 66 శాతం ఉంది. కరెంటు అయిపోలేదు, పెట్టె తనంతట తానే సాకెట్ ఆపేసింది! బయట చల్లగా ఉండేసరికి కంప్రెసర్ చాలాసేపు తిరగలేదు. అప్పుడు ఫ్రిజ్ లాగేది ఒక వాట్ కూడా ఉండదు. ఎవరూ వాడటం లేదనుకుని పెట్టె పొదుపు మోడ్‌లోకి వెళ్లిపోయింది. మళ్లీ ఫ్రిజ్‌కి కరెంటు కావాల్సి వచ్చినప్పుడు సాకెట్ చచ్చి ఉంది. ఇప్పుడు ఏ పెట్టె చేతికొచ్చినా నేను మొదట చేసేది, సెట్టింగుల్లోకి వెళ్లి 12 వోల్టుల ఔట్‌పుట్ ఎన్ని గంటలకు ఆగాలి అన్న చోట ఎప్పటికీ ఆగొద్దు అని పెట్టడం. ఆ సెట్టింగు లేని పెట్టె ఫ్రిజ్ నడపడానికి పనికిరాదు, కొనేముందే మాన్యువల్‌లో చూసుకోండి.

ఎప్పుడైనా వ్యాన్ లోపల వెచ్చదనం కోసం డీజిల్ హీటర్ పెట్టే ఆలోచన ఉంటే ఇదే సాకెట్ గురించి మళ్లీ ఆలోచించాలి. అది నడిచేటప్పుడు 15 నుంచి 30 వాట్లే లాగినా, అంటుకునేటప్పుడు కొన్ని నిమిషాలు 100 వాట్లు దాటుతుంది. పెట్టెలోని 10 ఆంపుల సాకెట్ అప్పుడు భారం ఎక్కువై తనంతట తానే ఆగిపోవచ్చు. అంతకన్నా ముఖ్యం, ఆపాక హీటర్ ఫ్యాన్ కొన్ని నిమిషాలు తిరిగి తనను తాను చల్లబరుచుకోవాలి. మధ్యలో కరెంటు పోతే లోపలి భాగాలు దెబ్బతింటాయి.

ఇండక్షన్ స్టవ్ విషయం. లీటరు నీళ్లను 25 డిగ్రీల నుంచి మరిగే దాకా తేవడానికి నీళ్లకు చేరాల్సిన శక్తే 87 వాట్ అవర్లు. స్టవ్ నష్టం, ఇన్వర్టర్ నష్టం కలిపితే పెట్టె నుంచి పోయేది 115 పైన. లీటరు నీళ్లకే ఇంత అయితే ఇద్దరికి రెండు పూటల వంటకు 500 దాకా సులువుగా లేస్తుంది. పైగా స్టవ్ 1800 వాట్లదైతే పెట్టె అంత భారాన్ని నిరంతరాయంగా మోయగలగాలి. డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండే పీక్ అంకె క్షణకాలం మాత్రమే తట్టుకునేది, దాన్ని నమ్మకండి. స్టవ్ కావాలనుకుంటే 2000 వాట్ అవర్ల పెట్టె, దానితోపాటు ఆల్టర్నేటర్ ఛార్జర్ తప్పనిసరి. నా మాటకొస్తే, వంట గ్యాస్ మీద కానివ్వండి. కిటికీ తెరిచి ఉంచండి, కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టుకోండి.

ఏ రకం బ్యాటరీ అన్నదానికి నాకు సందేహమే లేదు, లిథియం ఐరన్ ఫాస్ఫేట్. పాత మోడళ్లలో, తేలికపాటి వాటిలో ఎన్‌ఎంసీ అనే రకం ఉంటుంది. అది బరువు తక్కువే కానీ 500 నుంచి 1000 సార్లు నింపి ఖాళీ చేసేసరికి బాగా నీరసిస్తుంది. ఫాస్ఫేట్ రకం 3000 సార్లు వాడినా 80 శాతం సామర్థ్యం నిలుపుకునేలా తయారవుతుంది, వేడికి అదుపు తప్పి మండే ప్రమాదమూ చాలా తక్కువ. మనం పక్కనే పడుకునే వస్తువు కదా. రెండిటికీ ఉన్న బలహీనత చలి. సున్నా డిగ్రీల కన్నా తక్కువలో ఛార్జ్ చేస్తే లోపల లిథియం లోహపు పొరలా పేరుకుని బ్యాటరీ శాశ్వతంగా దెబ్బతింటుంది. మంచి పెట్టెలు ఆ చలిలో ఛార్జింగ్‌ని వాటంతట అవే ఆపేస్తాయి, అది పాడవడం కాదు. వాడని నెలల్లో సగం ఛార్జ్‌తో చల్లని చోట పెట్టి, మూడు నెలలకోసారి చూసుకోండి. ఎండలో మూసిపెట్టిన వ్యాన్‌లో వదిలేయకండి.

ఎక్కడ పెట్టాలి అన్నది చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. 1000 వాట్ అవర్ల పెట్టె పది పన్నెండు కిలోలు ఉంటుంది, 2000ది ఇరవై దాటుతుంది. సడన్ బ్రేక్ వేస్తే అది సీటు వెనక నుంచి రాయిలా వస్తుంది. నేలకు బిగించిన కొక్కాలకు రాచెట్ బెల్టుతో (లాగి బిగిస్తే వదులవకుండా పట్టుకునే పట్టీ) కట్టండి, మామూలు తాడుతో కాదు. రెండు పక్కలా గాలి ఆడేలా నాలుగు వేళ్ల సందు వదలండి. సీటు కింద మూత వేసి దాచేస్తే ఫ్యాన్ అదే పనిగా తిరిగి, వేడికి ఛార్జింగ్ తగ్గించేస్తుంది. వాటర్ ట్యాంకు కింద మాత్రం పెట్టొద్దు, ఈ పెట్టెల్లో చాలావాటికి నీటి నుంచి రక్షణ ఉండదు.

వ్యాన్‌లో ఇప్పటికే గోడ సాకెట్లు ఉంటే, పెట్టె ఏసీ ఔట్‌పుట్‌ని, బయటి నుంచి కరెంటు తీసుకోవడానికి వ్యాన్‌కి ఉండే ఇన్‌లెట్‌లోకి గుచ్చి అన్నిటికీ కరెంటు ఇచ్చేద్దామనిపిస్తుంది. ఎలక్ట్రీషియన్‌కి చూపించకుండా అలా చేయకండి. చాలా పవర్ స్టేషన్లలో ఔట్‌పుట్ భూమికి కలిసి ఉండదు, అందుకే షాక్ కొట్టినప్పుడు కరెంటు ఆపాల్సిన వ్యాన్‌లోని ఆర్‌సీడీ అనుకున్నట్టు పనిచేయకపోవచ్చు. వస్తువును నేరుగా పెట్టె ప్లగ్గులోనే పెట్టి వాడుకోవడం క్షేమం.

మరి బిగించే బ్యాటరీ ఎప్పుడు మేలు? సంవత్సరంలో చాలా నెలలు వ్యాన్‌లోనే ఉండేవాళ్లకు, వంట కూడా కరెంటు మీదే చేసుకునేవాళ్లకు, రోజుకు 2000 దాటి వాడేవాళ్లకు. దాని అసలు సుఖం మరమ్మతు దగ్గర తెలుస్తుంది. ఇన్వర్టర్ పోతే ఇన్వర్టర్ ఒక్కటే మార్చుకుంటాం, ఫ్రిజ్ నడుస్తూనే ఉంటుంది. పవర్ స్టేషన్‌లో అన్నీ ఒకే పెట్టెలో బంధించి ఉంటాయి. నా మొదటి పెట్టె ఒక ట్రిప్పు మధ్యలో ఎర్రర్ చూపించి మొత్తం ఆగిపోయింది. బ్యాటరీ నిండుగానే ఉంది, ఒక్క చుక్క కూడా బయటికి రాలేదు. సర్వీసుకి పంపితే వారాల తరబడి తిరిగి రాలేదు. అప్పటినుంచి లైట్లకు, ఫోన్లకు సరిపడా చిన్న పవర్ బ్యాంకు విడిగా ఉంచుకుంటున్నాను, మీరూ ఉంచుకోండి.

అయినా మీకు నేను పవర్ స్టేషనే చెప్తాను. ఏడాదికి కొన్ని ట్రిప్పులే అంటున్నారు. మిగతా రోజులు ఇంట్లో కరెంటు పోతే వాడుకోవచ్చు, వ్యాన్ అమ్మేస్తే పెట్టె మీతోనే వస్తుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌ది 1000 నుంచి 1300 మధ్యలో ఒకటి, 500 వాట్ల ఆల్టర్నేటర్ ఛార్జర్, 200 వాట్ల మడత ప్యానెల్. ఈ మూడూ కలిసి, ఏ నింపే దారీ లేని 2000 పెట్టె కన్నా మిమ్మల్ని చాలా నిశ్చింతగా ఉంచుతాయి. డబ్బు ఒకేసారి పెట్టలేకపోతే ప్యానెల్ తర్వాత కొనండి, ఛార్జర్ మాత్రం వాయిదా వేయకండి.

కొనేముందు ఒక పని చేయండి. ఫ్రిజ్‌ని దాని ఏసీ అడాప్టర్‌తో ఇంట్లో 24 గంటలు నడిపి, ప్లగ్గు దగ్గర వాట్ మీటర్ పెట్టి ఎంత తిన్నదో రాసుకోండి. నా 430 అంచనా మాత్రమే, మీ ఫ్రిజ్ మీది. ఆ అంకె, మీరు రోజుకు సగటున ఎన్ని గంటలు బండి నడుపుతారో, ఇంజన్ బ్యాటరీ నుంచి వెనక పెట్టె పెట్టే చోటికి కేబుల్ ఎన్ని మీటర్లు పడుతుందో ఇక్కడ రాయండి. కేబుల్ మందం, ఫ్యూజు సైజు లెక్కవేసి చెప్తాను.